పిల్లల మూర్ఛ, అత్తమ్మ చెప్పిన లంఖణం, తూచి పెట్టే నెయ్యి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా బాబుకు ఆరేండ్లు, బరువు 18 కిలోలు. మూడో ఏట నుంచి ఫిట్లు వస్తున్నాయి. నిలబడ్డవాడు నిలబడ్డట్టే తల వాల్చి ముందుకు పడిపోతాడు, రోజుకు ఎనిమిది, పది సార్లు. నుదుటి మీద రెండుసార్లు కుట్లు పడ్డాయి. మూడు రకాల గోలీలు వాడినా తగ్గలేదు. అన్నం, రొట్టె బంద్ చేసి నెయ్యి, గుడ్లు పెడితే ఫిట్లు పోతాయని ఫోన్లో ఒక వీడియో వచ్చింది. లంఖణం పరమౌషధం అని మా అత్తమ్మ కూడా అంటది. పోయిన వారం మూడు రోజులు అన్నం మానిపించి చూసినం. ఫిట్లు కొంచెం తగ్గినట్టు అనిపించింది. కానీ మూడో నాడు బాబు వాంతి చేసుకొని మత్తుగా పడుకున్నడు. భయమై మళ్లీ అన్నం పెట్టినం. ఇది నిజమైన వైద్యమేనా? ఇంట్లో చేయొచ్చా? చేస్తే గోలీలు ఆపొచ్చా?
– ఒక తల్లి, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం: అమ్మా, మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను, కానీ వాటికంటే ముందు మాట్లాడుకోవలసింది ఆ మూడో నాటి మత్తు గురించి. భయపడి మళ్లీ అన్నం పెట్టి మంచి పని చేశారు. ఆరేళ్ల బిడ్డకు ఒక్కసారిగా అన్నం, రొట్టె అన్నీ ఆపేస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, రక్తంలో ఆమ్లం పెరగవచ్చు, వాంతులతో ఒంట్లో నీరు తగ్గిపోవచ్చు. వీటిలో ఏది జరిగినా బిడ్డ మత్తుగానే కనిపిస్తాడు కాబట్టి, ఇంట్లో కూర్చొని ఏది జరిగిందో తేల్చడం ఎవరి వల్లా కాదు. ఈ వారంలోనే బాబును పిల్లల డాక్టరుకు చూపించండి. ఆ మూడు రోజులు ఏమేం పెట్టారో, ఎన్నిసార్లు వాంతి అయిందో, మత్తు ఎంతసేపు ఉందో ఏదీ దాచకుండా చెప్పండి. తిడతారేమోనని దాస్తే డాక్టరుకు దొరకవలసిన ఒక ముఖ్యమైన ఆధారం పోతుంది. అది ఎందుకు ముఖ్యమో కిందికి వచ్చినప్పుడు చెబుతాను. గోలీలు మాత్రం ఒక్క పూట కూడా ఆపవద్దు. మూర్ఛ మందులను హఠాత్తుగా మానితే ఫిట్ మీద ఫిట్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఇక ఇది నిజమైన వైద్యమేనా అన్న ప్రశ్న. నిజమైన వైద్యమే. దీని పేరు కీటోజెనిక్ డైట్, వయసు నూరేళ్లు దాటింది. మీ అత్తమ్మ మాటను కూడా నేను తీసిపారేయను, ఎందుకంటే ఈ వైద్యం పుట్టింది లంఖణం నుంచే. ఆహారం మానితే మూర్ఛ తగ్గుతుందన్న గమనిక ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాల్లోనే ఉంది. 1911లో పారిస్‌లో గెల్పా, మారీ అనే ఇద్దరు వైద్యులు మూర్ఛ రోగులను ఉపవాసం ఉంచి, ఆ రోజుల్లో ఫిట్లు తగ్గుతున్నాయని రాశారు. పదేళ్ల తరువాత అమెరికాలోనూ అదే మాట వినిపించింది. అయితే అందరికీ ఒకే చిక్కు ఎదురైంది. ఉపవాసం ఉన్నన్ని రోజులు ఫిట్లు ఆగేవి, తిండి మొదలుపెట్టగానే మళ్లీ వచ్చేవి. ఎదిగే పిల్లవాణ్ణి ఎన్నాళ్లని పస్తు పెడతాం?

ఆ చిక్కును విప్పే ఆలోచన 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిలో పనిచేస్తున్న రసెల్ వైల్డర్‌కు వచ్చింది. ఆయన ముఖ్యంగా మధుమేహం మీద పనిచేసిన వైద్యుడు. శరీరం చక్కెరను, కొవ్వును ఎలా ఖర్చు పెడుతుందన్నదే ఆయన నిత్యం చూసే విషయం. ఉపవాసంలో చక్కెర అందక శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, అప్పుడు కాలేయం ఆ కొవ్వు నుంచి కీటోన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది, మెదడు వాటితో పని నడుపుకుంటుంది. ఫిట్లను ఆపుతున్నది కడుపు ఖాళీగా ఉండటం కాకుండా ఈ కీటోన్లే అయితే, పిల్లవాడికి కడుపునిండా పెడుతూనే వాటిని పుట్టించవచ్చు కదా అని వైల్డర్ తర్కించాడు. దానికి అన్నం వంటి పిండిపదార్థాలను దాదాపు తీసేసి, ఆ స్థానంలో కొవ్వు పెట్టాలి. మీ అత్తమ్మ లంఖణానికీ ఈ వైద్యానికీ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. లంఖణంలో బిడ్డ తన ఒంటి కొవ్వును, కండను తినేసుకుంటాడు. ఇందులో మనం తూచి పెట్టిన కొవ్వును తింటాడు.

వైల్డర్ ఆలోచనకు లెక్క కట్టినవాడు అదే సంస్థలోని పిల్లల వైద్యుడు మైనీ పీటర్‌మన్. 1925లో ఆయన చెప్పిన కొలత ఇది: కిలో బరువుకు 1 గ్రాము మాంసకృత్తులు, రోజు మొత్తానికి 10 నుంచి 15 గ్రాముల పిండిపదార్థం, మిగిలినదంతా కొవ్వు. ఫిట్లు తగ్గడమే కాకుండా పిల్లలు చురుగ్గా ఉంటున్నారనీ, చిరాకు తగ్గి బాగా నిద్రపోతున్నారనీ ఆయన రాసిపెట్టాడు. ఈ రోజుకూ తల్లులు ముందుగా నాతో చెప్పేది ఆ మాటే. ఫిట్ల సంఖ్య ఇంకా లెక్కపెట్టక ముందే, సార్, నా బిడ్డ నన్ను చూసి నవ్వుతుండు అంటారు.

మీ బాబు 18 కిలోల బరువుకు ఆ కొలతను వేసి చూద్దాం. మాంసకృత్తులు 18 గ్రాములు, పిండిపదార్థం 10 నుంచి 15 గ్రాములు. కచ్చితమైన పద్ధతిలో ఈ రెండూ కలిపి ఒక గ్రాముంటే కొవ్వు నాలుగు గ్రాములు ఉండాలి. అంటే రోజుకు 110 నుంచి 130 గ్రాముల కొవ్వు. తిన్న శక్తిలో పది వంతుల్లో తొమ్మిది వంతులు కొవ్వు నుంచే రావాలన్నమాట. ఇప్పుడు మన కంచం చూడండి. ఒక జొన్న రొట్టెకు 60 గ్రాముల పిండి పడుతుందనుకుంటే, అందులో దాదాపు 40 గ్రాములు పిండిపదార్థమే. పిడికెడు అన్నంలో, అంటే 50 గ్రాముల్లో, సుమారు 14 గ్రాములు. ఒక గ్లాసు పాలలో చక్కెర వేయకపోయినా తొమ్మిది, పది గ్రాముల పాల చక్కెర ఉంటుంది. మూడు రోజులు అన్నం మానిపించినప్పుడు బాబుకు పాలు, అరటిపండ్లు పెట్టి ఉంటారు. అలా పెట్టి ఉంటే మీరు చేసింది ఈ వైద్యమూ కాలేదు, మామూలు తిండీ కాలేదు. పిండి తగ్గింది, దాని స్థానంలో రావలసిన కొవ్వు రాలేదు, బిడ్డ సగం ఆకలితో ఉన్నాడు. వీడియోలో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

ఫిట్లు కొంచెం తగ్గినట్టు అనిపించిందని రాశారు. అది నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. మూర్ఛ దానంతటదే హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. మనం చాలా ఎక్కువగా ఉన్నప్పుడే కంగారుపడి కొత్తది మొదలుపెడతాం, ఆ తరువాత దానికదే కాస్త తగ్గినా మనం చేసిన పని వల్లే తగ్గిందనుకుంటాం. తల్లులే కాదు, డాక్టర్లూ ఈ పొరపాటు పడతారు. అందుకే ఈ ఆహారాన్ని మందును పరీక్షించినట్టే పరీక్షించవలసి వచ్చింది. 1938లో ఫినైటోయిన్ గోలీ వచ్చిన తరువాత ఈ ఆహార వైద్యం మూలన పడిపోయింది. తూకాలు, లెక్కలు ఎవరు చూస్తారు, గోలీ మింగితే సరిపోతుంది కదా అనుకున్నారు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి వంటి కొన్ని చోట్ల మాత్రమే దీన్ని వదలలేదు. అక్కడ మిల్లిసెంట్ కెల్లీ అనే ఆహార నిపుణురాలు దశాబ్దాల పాటు పిల్లలకు లెక్కలు కట్టి ఇచ్చింది. గోలీలకు లొంగని మూర్ఛతో ఉన్న చార్లీ అబ్రహమ్స్ అనే చిన్న పిల్లవాడికి అక్కడే ఫిట్లు ఆగిపోవడంతో అతని తండ్రి 1994లో ఒక సంస్థ పెట్టాడు, అప్పటి నుంచి ఈ వైద్యం మళ్లీ వెలుగులోకి వచ్చింది. అయినా పక్కన పోల్చి చూసుకునే మరో గుంపు పిల్లలు లేనంతకాలం, ఏ తల్లి సంతోషాన్ని చూసినా శాస్త్రం దాన్ని రుజువుగా ఒప్పుకోదు.

ఆ రుజువు 2008లో లండన్ నుంచి వచ్చింది. గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రితో కలిసి పనిచేసిన ఎలిజబెత్ నీల్, పిల్లల నరాల వైద్యురాలు హెలెన్ క్రాస్, వారి సహచరులు కలిసి చేసిన పరీక్ష అది. కనీసం రెండు మందులకు లొంగని మూర్ఛ ఉన్న 2 నుంచి 16 ఏళ్ల పిల్లలు 145 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. 73 మందికి ఆహారం వెంటనే మొదలైంది. 72 మందికి మూడు నెలలు ఆగి మొదలుపెట్టారు, అప్పటిదాకా వాళ్లు పాత మందులతోనే ఉన్నారు. మూడు నెలలు గడిచేసరికి ఆహారం తీసుకున్న గుంపులో ఫిట్లు సగటున మొదటి లెక్కలో 62 శాతానికి తగ్గాయి. ఆగిన గుంపులో దాదాపు 137 శాతానికి పెరిగాయి. ఫిట్లు సగానికి మించి తగ్గిన పిల్లలు మొదటి గుంపులో 28 మంది, రెండో గుంపులో నలుగురు. ఈ పరిశోధన పత్రంలో మొదటి పేరు నీల్‌ది. ఆమె డాక్టరు కాదు, డైటీషియన్, అంటే ఆహార నిపుణురాలు. ఈ వైద్యంలో అసలు పని ఎవరి చేతుల్లో ఉంటుందో ఆ పేరే చెబుతుందని నేను మా జూనియర్ డాక్టర్లకు ఎప్పుడూ చూపిస్తుంటాను.

28 మందికి సగానికి మించి తగ్గాయంటే మిగతా 45 మందిలో అంత తగ్గుదల నమోదు కాలేదని కూడా అర్థం. పూర్తిగా ఆగినట్టే అయినవాళ్లు చాలా కొద్దిమంది. తొంభై శాతానికి మించి తగ్గినవారు అయిదుగురే. వీడియోలో చెప్పినట్టు ఇది ఫిట్లను అందరికీ తుడిచేసే మంత్రం కాదు. కానీ మూడు గోలీలు వాడినా లొంగని బిడ్డకు నాలుగో గోలీతో ఫిట్లు ఆగే అవకాశం చాలా తక్కువ అన్న సంగతితో పోల్చి చూస్తే, ఈ సంఖ్యల విలువ తెలుస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి మందులతోనే ఫిట్లు అదుపులోకి వస్తాయి. మీ బాబు మిగిలిన ఆ మూడో వంతులో ఉన్నాడు. సరిగ్గా ఎంచి, సరైన మోతాదులో వాడిన రెండు మందులు పనిచేయకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలనీ, అప్పుడు ఆహార వైద్యం గురించి గట్టిగా ఆలోచించాలనీ అంతర్జాతీయ నిపుణులు చెబుతున్నారు. పైగా మీ బాబుకు వచ్చే తల వాల్చి పడిపోయే రకం ఫిట్లు ఈ ఆహారానికి బాగా లొంగే కొన్ని రకాల మూర్ఛల్లో తరచుగా కనిపిస్తాయి. అందువల్ల మీకు నేను చెప్పేది ఈ వైద్యం వద్దని కాదు. దీనికోసం మిమ్మల్ని ఇంతకు ముందే డాక్టర్లు పంపవలసింది, ఆ మాట మీకు చివరికి ఒక వీడియో చెప్పవలసి రావడం నాకు బాధగా ఉంది.

మన తిండి అలవాట్లకు ఇది కుదురుతుందా అన్న అనుమానం సహజం. దానికి జవాబు మన దేశంలోనే ఉంది. జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎరిక్ కాసాఫ్ 2003 నుంచి కొంచెం సడలించిన పద్ధతి ఒకటి తెచ్చాడు. దాన్ని సవరించిన అట్కిన్స్ ఆహారం అంటారు. ఇందులో పిండిపదార్థాన్ని రోజుకు 10 గ్రాముల దగ్గర కట్టడి చేస్తారు, కొవ్వు ఎక్కువ తినిపిస్తారు, గుడ్లు, మాంసం వంటివాటికి తూకం ఉండదు. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు దీన్ని 2 నుంచి 14 ఏళ్ల పిల్లలు 102 మందిలో పరీక్షించి 2013లో ప్రచురించారు. మూడు నెలలకు ఆహారం తీసుకున్నవారిలో 52 శాతం మందికి ఫిట్లు సగానికి మించి తగ్గాయి, తీసుకోనివారిలో 11.5 శాతం మందికే తగ్గాయి. 2020లో అదే సంస్థ 170 మంది పిల్లల్లో మూడు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసింది: కచ్చితమైన కీటోజెనిక్ డైట్, సవరించిన అట్కిన్స్, చక్కెరను మెల్లగా వదిలే పదార్థాలను మాత్రమే కొద్దిగా అనుమతించే మూడో పద్ధతి. ఆరు నెలల తరువాత ఫిట్లు మధ్యస్థంగా మొదటి పద్ధతిలో 66 శాతం, రెండో దానిలో 45, మూడో దానిలో 54 శాతం తగ్గాయి. కచ్చితమైనదే కొంత మెరుగ్గా కనిపించింది, మూడో దానిలో ఇబ్బందులు తక్కువగా ఉన్నాయి. రొట్టె, పప్పు, అన్నం తినే ఇళ్ల పిల్లల్లోనే ఈ ఫలితాలు వచ్చాయి కాబట్టి, ఇది మనవల్ల అయ్యేది కాదు అనుకోనక్కరలేదు. మీ ఇంటికి ఏ పద్ధతి సరిపోతుందన్నది మీ వంటిల్లు, మీకు దొరికే సమయం, బాబు మొండితనం అన్నీ చూసి డైటీషియన్ నిర్ణయించాలి.

ఇప్పుడు ఇంట్లో మొదలుపెట్టవద్దని ఎందుకు అంటున్నానో చెప్పాలి. ఇదే నా జవాబులో ముఖ్యమైన భాగం, తొందరపడకుండా చదవండి.

కొందరు పిల్లలు కొవ్వును కరిగించి శక్తిగా మార్చుకునే యంత్రాంగంలోనే పుట్టుకతో లోపంతో ఉంటారు. పైకి మామూలుగానే కనిపిస్తారు, అన్నం తింటున్నంతసేపూ ఏ తేడా తెలియదు. అలాంటి బిడ్డకు అన్నం ఆపి కొవ్వు పెడితే, ఆ కొవ్వును వాడుకోలేక, చక్కెర అందక, మత్తులోకి జారిపోతాడు. ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ ఆహారం మొదలుపెట్టే ముందు ఆ లోపాలు లేవని రక్త, మూత్ర పరీక్షలతో చూసుకుంటారు. మీ బాబు మూడో నాడు మత్తుగా పడుకున్నాడన్న మాట డాక్టరుకు చెప్పి తీరాలని మొదట్లోనే అన్నది ఇందుకే. బహుశా అది నీరు తగ్గడం వల్లనో, చక్కెర కొంచెం పడిపోవడం వల్లనో అయి ఉంటుంది, కానీ బహుశా అనే మాట మీద బిడ్డను మళ్లీ పస్తు పెట్టలేం.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకొక రకం పిల్లలు ఉన్నారు. రక్తంలోని చక్కెర మెదడులోకి వెళ్లడానికి ఒక ద్వారం ఉంటుంది. ఆ ద్వారం పుట్టుకతోనే సరిగా తెరుచుకోని జబ్బును 1991లో డి వివో అనే వైద్యుడు, ఆయన సహచరులు గుర్తించారు. ఈ పిల్లల రక్తంలో చక్కెర మామూలుగా ఉంటుంది, మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీటిలో మాత్రం తక్కువగా ఉంటుంది. అంటే పెరడులో బావి నిండుగా ఉన్నా వంటింట్లో బిందె ఖాళీ. కీటోన్లు వేరే దారిన మెదడులోకి వెళ్తాయి గనుక, వీరికి ఈ ఆహారమే అసలు మందు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఇది అరుదైన జబ్బు. అయినా ఒక్క సంగతి గమనించి డాక్టరుకు చెప్పండి: ఉదయం లేవగానే, ఏమీ తినక ముందు ఫిట్లు ఎక్కువగా ఉండి, తిన్న తరువాత తగ్గుతున్నాయా? అవునైతే ఈ ద్వారం గురించి పరీక్ష చేయించమని అడగండి. అలాగే ఎమ్మారై స్కాన్‌లో మెదడులో ఒక్కచోటే లోపం కనబడితే ఆపరేషన్ మాట ముందు రావాలి. ఆ పరీక్ష ఇంతకుముందు చేసి ఉంటే ఫిల్ములు జాగ్రత్త చేయండి.

కీటోన్లు ఫిట్లను ఎలా ఆపుతాయని కూడా ఎవరైనా అడుగుతారు. ఒకే జవాబు లేదు. మెదడు కణాలకు ఇంధనం నిలకడగా అందుతుందని, వాటిని ఉద్రేకపరిచే సంకేతాలు మెత్తబడతాయని పరిశోధనలు చెబుతున్నాయి. కొబ్బరి నూనె వంటివాటిలో ఉండే డెకనోయిక్ ఆమ్లం ఆ ఉద్రేక సంకేతాలను అందుకునే ద్వారాలను నేరుగా అడ్డుకుంటుందని 2016లో లండన్ పరిశోధకులు చూపించారు. 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో పేగుల్లోని సూక్ష్మజీవులకూ ఇందులో పాత్ర ఉందని తేలింది. నూరేళ్లుగా పనిచేస్తున్న వైద్యం వెనుక కారణాలు ఇంకా ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి.

చాలా ఏళ్ల కింద దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి నాకు ఈ వైద్యం ఏమిటో పుస్తకాల కంటే బాగా నేర్పింది. మా వార్డులోనే ఆమె పాపకు ఆహారం మొదలుపెట్టాం. గ్రాములు చూపే చిన్న త్రాసు మీద స్టీలు గిన్నె పెట్టి, సున్నాకు తెచ్చి, చెంచాతో నెయ్యి వేసేది. 32 గ్రాములు రావలసిన చోట 34 వస్తే చెంచా మొనతో కొంచెం కొంచెం తీసేది. పాప తినడం అయ్యాక గిన్నె అడుగున మెరుస్తున్న నెయ్యి చారను ఉడికించిన సొరకాయ ముక్కతో తుడిచి, ఆ ముక్కను పాప నోట్లో పెట్టేది. గిన్నెకు అంటుకున్నది కూడా లెక్కలోదే కదా సార్ అనేది. గోలీని సగం విరిచి పారేస్తే మోతాదు ఎలా తప్పుతుందో, గిన్నెలో నెయ్యి మిగిలితే అలాగే తప్పుతుందని ఆమెకు ఎవరూ రెండోసారి చెప్పవలసిన పని రాలేదు. ఆ పాపకు మూడో నెలకు ఫిట్లు సగానికి పైగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. కానీ ఎవరూ చెయ్యి పట్టుకోకుండా బడికి నడిచి వెళ్లేది.

ఇక ఆచరణలోకి వస్తే మీకు ఎదురయ్యే పెద్ద కష్టం ఊరు. అంగన్‌వాడీ ఆయమ్మ, బడిలో మధ్యాహ్న భోజనం, పుట్టినరోజుకు పంచే చాక్లెట్, గుడిలో ప్రసాదం, బతుకమ్మ నాటి మలీద ముద్దలు, వేసవిలో ముంజలు – ఇవన్నీ ప్రేమతో ఇచ్చేవే, అన్నింటిలోనూ పిండో తీపో ఉంటుంది. ఒక్క లడ్డూ వల్ల కీటోన్లు పడిపోయి ఆ రోజే ఫిట్ రావచ్చు. కాబట్టి బడి పంతులుకు, పక్కింటివాళ్లకు ముందే చెప్పి పెట్టాలి. బాబుకు పండగ లేకుండా చేయనక్కరలేదు. పల్లీలు, నువ్వులు, పచ్చి కొబ్బరి మన పాలమూరు ఇళ్లలో ఎప్పుడూ ఉండేవే, వాటిని బెల్లం లేకుండా లెక్కలో ఇమిడ్చి డైటీషియన్ ముద్ద చేయడం నేర్పిస్తుంది. గోంగూర, పాలకూర, బీరకాయ, సొరకాయ, గుడ్డు, కోడికూర, పనీరు, మీగడ వీటితో కంచం నింపవచ్చు. మొదటి రెండు వారాలు బాబు అన్నం కోసం ఏడుస్తాడు. ఇంట్లో మిగతావాళ్లు అతని ఎదుట అన్నం కలుపుకొని తినకుండా ఉండగలిగితే ఆ ఏడుపు తొందరగా తగ్గుతుంది. తీపి సిరప్పుల్లో కూడా చక్కెర ఉంటుంది, జ్వరం మందు కొనేటప్పుడు కూడా దుకాణంలో అడగాలి.

దీనికి ఇబ్బందులూ ఉన్నాయి. మలబద్ధకం చాలామందికి వస్తుంది. రక్తంలో కొవ్వు పెరగవచ్చు, ఎదుగుదల కొంత మందగించవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు. అందుకే చక్కెర లేని విటమిన్లు, కాల్షియం తప్పనిసరి, మూడు నెలలకోసారి ఎత్తు, బరువు, రక్త పరీక్షలు చూడాలి. నూటికి కొద్దిమందికి మూత్రపిండాల్లో రాళ్లు వస్తాయి. నీళ్లు బాగా తాగించాలి, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. పొటాషియం సిట్రేట్ మందు ఈ ముప్పును తగ్గిస్తుంది. బాబు వాడుతున్న గోలీల పేర్లు మీరు రాయలేదు. టోపిరమేట్ అయితే అది కూడా రక్తంలో ఆమ్లాన్ని, రాళ్ల ముప్పును పెంచుతుంది కాబట్టి జాగ్రత్త రెట్టింపు కావాలి. ఏ కారణం చేతనైనా బాబు ఆసుపత్రిలో చేరితే, వాడు ఈ ఆహారం మీద ఉన్నాడని మొదటి మాటగా చెప్పాలి. అలవాటుగా ఎక్కించే గ్లూకోజు బాటిల్ ఆ పిల్లవాడికి అవసరమా కాదా అన్నది చక్కెర పరీక్ష చూసి నిర్ణయించవలసి ఉంటుంది. ఒక కాగితం మీద ఇదంతా రాయించుకొని సంచిలో పెట్టుకోండి.

మూడు నెలలు శ్రద్ధగా చేసి చూసినా మార్పు లేకపోతే మెల్లగా మాన్పిస్తారు. అది మీ తప్పూ కాదు, బాబు తప్పూ కాదు. మేలు చేస్తే మామూలుగా రెండేళ్లు కొనసాగించి, ఆ తరువాత కొద్దికొద్దిగా మామూలు తిండిలోకి తెస్తారు. ఫలితం బాగుంటే గోలీలు కూడా తగ్గిస్తారు, కొందరికి ఆపేస్తారు కూడా. ఆ పని డాక్టరు చేతి మీదుగా, నెలల తరబడి నెమ్మదిగా జరగాలి. మీ మూడో ప్రశ్నకు జవాబు ఇదే.

ఈలోగా ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపడం, నోట్లో నీళ్లు పోయడం చేయవద్దు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి; అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవడం గురించి డాక్టరును అడగండి. రెండుసార్లు నుదురు పగిలింది కాబట్టి, బాబు లేచి తిరిగేటప్పుడు తలకు మెత్తని టోపీ వంటిది పెట్టండి. కట్టెల పొయ్యి, నీళ్ల తొట్టి దగ్గర ఒక్కణ్ణీ వదలకండి.

మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు దగ్గర చీటీ రాయించుకొని హైదరాబాద్‌లో పిల్లల నరాల వైద్యుణ్ణి కలవండి. అక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ ఆహారం చేయించే డైటీషియన్ మీ దగ్గర ఉన్నారా అని. లేరంటే ఎక్కడ ఉన్నారో రాసివ్వమని అడగండి, మొహమాటపడవద్దు. వెళ్లేలోగా ఇంట్లో గోడకున్న క్యాలెండర్ మీద రోజుకెన్ని ఫిట్లు వచ్చాయో ఆ తేదీ గడిలోనే అంకె వేస్తూ రండి; పడిపోయినవి ఒక రంగుతో, చూపు నిలిచిపోయినవి ఇంకో రంగుతో. ఆ నెల కాగితం, పాత ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), ఎమ్మారై, వాడిన గోలీల ఖాళీ పట్టీలు అన్నీ ఒకే సంచిలో పెట్టండి. వీలైతే మీ అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్లండి. మీరు పొలానికి వెళ్లినప్పుడు బాబుకు కంచం పెట్టేది ఆమే అయి ఉంటుంది. పిడికెడు అన్నానికి ఎన్ని గ్రాములో ఆమె చెవులతో ఆమె విని రావాలి.